సిద్దిపేటకూ రాయబారికీ ఏమిటి సంబంధం?

సిద్దిపేట పేరు వినగానే మన ఆడవాళ్లకు గొల్లభామ చీర గుర్తుకు వస్తుంది. నెత్తిన కుండ పెట్టుకొని నిలబడ్డ గొల్లభామ బొమ్మను నేతలోనే పుట్టించిన చీర అది. అచ్చు వేసిందీ కాదు, సూదితో కుట్టిందీ కాదు. భక్తులకైతే కొమురవెల్లి మల్లన్న గుర్తుకు వస్తాడు. బొమ్మల మీద ప్రీతి ఉన్నవారికి చేర్యాల నకాషీ పటాలు గుర్తుకు వస్తాయి. కాని సిద్దిపేట పేరు వినగానే రాయబారులూ, రాయబార కార్యాలయాలూ గుర్తుకు వచ్చేవారు మనలో ఎవరూ ఉండరు. ఆ ఊరు చూసి వచ్చిన తర్వాత నాకు ముందుగా గుర్తుకు వచ్చేది మాత్రం అదే. ఎందుకో మనవి చేస్తాను.

హైదరాబాదు నుంచి ఉత్తరంగా కరీంనగరం పోయే రాజీవ్ రహదారి మీద సుమారు వంద కిలోమీటర్లు పోతే సిద్దిపేట వస్తుంది. 2016 అక్టోబరు 11 వరకు ఇది మెదక్ జిల్లాలో ఒక పట్టణం; ఆ రోజున తానే ఒక జిల్లాకు ముఖ్యపట్టణమయింది. రైలు కూత కోసం ఊరివాళ్లు ఇంకా కొన్నేళ్లు ఆగవలసి వచ్చింది. 2023 అక్టోబరు 3న అదీ వినబడింది. పాత ఊళ్లో బురుజు ఉన్నది. ఊరికి కళ తెచ్చిన కోమటి చెరువున్నది. సాయంత్రం అయ్యేసరికి కట్ట మీద పిల్లాపాపలతో తిరునాళ్లలాగా ఉంటుంది. దగ్గరలోనే చంద్లాపురం వద్ద, 2020లో గోదావరి నీటితో నింపిన రంగనాయకసాగరం ఉన్నది. ఒకప్పుడు వాన కోసం ఆకాశం వంక చూసిన ఊళ్లకు ఈ నీళ్లు ఒక వింతే.

ఇక బస్టాండు పక్క వీధుల్లో నడవండి. పాస్‌పోర్టు ఫోటోలు తీసే దుకాణాలు, విమానం టిక్కెట్లు అమ్మే ట్రావెల్సులు, పైదేశపు డబ్బు అందించే కౌంటర్లు కనిపిస్తాయి. పాస్‌పోర్టు కోసం ఒకప్పుడు పట్నం పరుగెత్తవలసి వచ్చేది; ఇప్పుడు తపాలా కార్యాలయంలోనే పాస్‌పోర్టు కేంద్రం ఉన్నది. అక్కడ వరుసలో ఎవరున్నారో చూడండి. అమెరికా చదువుకు పోయే కుర్రవాడు ఒకడుంటే, అతని పక్కనే తాపీపని వాడు, డ్రైవరు, మగ్గం మానేసిన నేతపనివాడు ఉంటారు. వాళ్ల దారి ఎడారి దేశాలకు: దుబాయి, మస్కటు, కువైటు, సౌదీ, కతరు, బహ్రెయిను.

1970 తర్వాత పెట్రోలు ధర ఆకాశానికి అంటి, ఆ దేశాల్లో మేడలూ రోడ్లూ లేవడం మొదలయినప్పటి నుంచి ఈ ప్రయాణం సాగుతున్నది. సిద్దిపేట, దుబ్బాక, హుస్నాబాదు ప్రాంతాలకూ, ఎగువన సిరిసిల్ల, కరీంనగరం, నిజామాబాదు ప్రాంతాలకూ ఇది ఇంటింటి కథ. బోర్లు ఎండి అప్పు చేసినవాడు ఆ అప్పు తీర్చడానికి మరో అప్పు చేసి విమానం ఎక్కుతాడు. ఈ ఊళ్ల యాసలో 'దుబాయి పోవుడు' అంటే దుబాయికే పోవాలని లేదు. సౌదీ పోయినా దుబాయి పోయినట్లే!

అట్లా పోయినవాడికి కష్టం వస్తే ఆ దేశంలో అతనికి పెద్దదిక్కు ఎవరు? మన రాయబార కార్యాలయం. సిద్దిపేటకూ రాయబారికీ ఉన్న సంబంధం ఇదే.

రాయబారి అంటే మన కళ్లకు కట్టే రూపాలు రెండు. ఒకటి, నాటకంలో పీతాంబరం కట్టుకొని కౌరవసభలో నిలబడ్డ శ్రీకృష్ణుడు. రెండు, సినిమాలో సూటు వేసుకొని, చేతిలో గాజుగ్లాసు పట్టుకొని విందులో నవ్వుతూ తిరిగే దొరవారు. మొదటి రూపంలోనే కాస్త నిజం ఉన్నది. కృష్ణుడంతటివాడు పోయి ఐదూళ్లు అడిగాడు. ఒక్క ఊరూ సాధించలేక తిరిగి వచ్చాడు. ఎదుటివాని ఇంట్లో మాట చెప్పగలడే కాని ఆజ్ఞ ఇవ్వలేడు గదా! రాయబారి పనిలోని కష్టమంతా ఇందులోనే ఉన్నది.

విందులు లేవని కాదు, ఉన్నాయి. కాని గల్ఫులో పనిచేసే మన అధికారి రోజు విందుతో గడవదు. ఆరు గల్ఫు దేశాల్లో కలిపి సుమారు 90 లక్షలమంది భారతీయులున్నారు. మన విదేశాంగ సర్వీసులోని అధికారులు, ప్రపంచం మొత్తానికి, వెయ్యికి కాస్త అటూ ఇటూ. సౌదీలో రియాదులో రాయబార కార్యాలయం, జిద్దాలో కాన్సలు జనరలు కార్యాలయం, యు.ఏ.ఇ.లో అబూదబీలో ఒకటి, దుబాయిలో ఒకటి. మిగిలిన నాలుగు దేశాల రాజధానుల్లో ఒక్కొక్కటి. ఈ లెక్క చూస్తేనే తెలుస్తుంది, ఒక్కొక్క బల్ల ముందు ఎంత వరుస ఉంటుందో.

ఆ వరుసలో వచ్చే పనులు చెబుతాను. పాస్‌పోర్టు గడువు తీరినవాళ్లు, పోగొట్టుకొన్నవాళ్లు ముందు. జీతం ఆరు నెలలుగా ఇవ్వలేదని కంపెనీ మీద ఫిర్యాదు తెచ్చినవాళ్లు తర్వాత. ఇళ్లల్లో పనికి కుదిరి, బాధ పడలేక పారిపోయి వచ్చిన ఆడవాళ్లు మరొక పక్క. వాళ్లకు తలదాచుకొనే చోటు చూపాలి. ఒక అధికారి జైలుకు పోతాడు, అక్కడి మనవాళ్లను చూసి రావడానికి. మరొకరు ఊరి బయట కూలీల క్యాంపుకు పోతారు. ఇంకొకరు ఆసుపత్రికి. ఈ పనులన్నింటికీ ఒక శాసనం ఉన్నది. 1961లో వియన్నాలో దేశాలు కూర్చుని రాయబారుల మర్యాదలను గురించి ఒక ఒడంబడిక రాసుకొన్నాయి. 1963లో కాన్సలు అధికారుల పనులను గురించి రెండవది రాసుకొన్నాయి. ఈ రెండవ దాని 36వ అధికరణం మన ఊళ్లవాళ్లకు ముఖ్యం. పరదేశంలో అరెస్టయినవాడు కోరితే ఆ సంగతి అతని దేశపు కాన్సలుకు తెలియజేయాలి. ఆ కాన్సలు జైలుకు పోయి అతన్ని చూడవచ్చు, మాట్లాడవచ్చు, వకీలును ఏర్పాటు చేయవచ్చు. అంతవరకే! తలుపు తీసి తీసుకురావడానికి మాత్రం వీలులేదు. ఆ దేశపు చట్టాలను గౌరవించాలని అదే ఒడంబడిక ఆయనను కట్టివేసింది.

ఈ 'అంతవరకే' అన్న మాట ఊళ్లో కూర్చున్న తల్లికి అర్థం కావడం కష్టం. ఆమె దృష్టిలో ఎంబసీ అంటే మన తహసీలు కచేరి వంటిది. పెద్దసారు తలచుకొంటే సంతకం పడాలి, కొడుకు ఇంటికి రావాలి. ఆ సారు మాత్రం అక్కడి లేబరు ఆఫీసులో తానే వరుసలో నిలబడి ఉంటాడు!

సిద్దిపేట బస్టాండులో చాయ తాగుతూ ఒక పెద్దమనిషితో మాటలు కలిపాను. తలకు తువ్వాలు, చేతికి గల్ఫు గడియారం.

"ఎన్నేండ్లున్నారన్నా అక్కడ?"

"పదకొండేండ్లు సారూ. ఆరేండ్లు కంపిని, ఐదేండ్లు ఖల్లివల్లి."

ఖల్లివల్లి అంటే అక్కడి మనవాళ్ల పరిభాషలో యజమానిని వదిలి, కాగితాలు లేకుండా తిరిగేవాడు. యజమానిని 'కఫీలు' అంటారు. ఉండడానికిచ్చే అనుమతి కార్డు 'అకామా'. అది లేనివాడు వీథిలో పోలీసు కనబడితే గోడ చాటుకు పోవలసిందే.

"మరి ఎట్లా వచ్చారు?"

"ఆమ్నెస్టీ పెట్టిన్రు. ఎంబసీకి పోయి లైన్ల నిలబడ్డ. వాళ్లు మంచోళ్లే సారూ, కని కాయిదాలడిగిన్రు. నా కాయిదాలన్ని కఫీలు కాడుండె. నేను ఇండియోన్నని ఎట్ల రుజువు జేయాలె? ఇంటికి ఫోన్ జేస్తే నా బిడ్డ రేషన్ కార్డు, పాత పాస్‌పోర్టు జిరాక్సు ఫోన్ల పంపింది. అప్పుడిచ్చిన్రు అవుట్‌పాసు."

ఆయన నవ్వుతూనే చెప్పాడు. నేను మాత్రం ఆ జిరాక్సు సంగతి మరచిపోలేకపోయాను. పదకొండేళ్ల జీవితం పెట్టె అడుగున పడి ఉన్న ఒక కాగితం మీద నిలిచింది!

అవుట్‌పాసు అంటే ఒకసారి మాత్రమే ఇంటికి రావడానికి రాయబార కార్యాలయం ఇచ్చే అత్యవసర పత్రం. గల్ఫు ప్రభుత్వాలు అప్పుడప్పుడు క్షమాభిక్ష ప్రకటిస్తాయి. కువైటు 2018 జనవరిలో ప్రకటించింది, యు.ఏ.ఇ. అదే ఏడు ఆగస్టులో, మళ్లీ 2024 సెప్టెంబరులో ప్రకటించింది. జరిమానా లేకుండా వెళ్లిపొమ్మని గడువిస్తారు. ఆ గడువులో మన అధికారులకు పగలూ రాత్రీ తేడా ఉండదు. ఎదురుగా నిలబడ్డవాడు భారతీయుడేనని నిర్ధారించుకోకుండా పత్రం ఇవ్వలేరు. ఆలస్యం చేస్తే గడువు దాటుతుంది.

అన్నింటికన్నా బరువైన పని మరొకటి ఉన్నది. పరదేశంలో మనిషి పోతే అతన్ని ఇంటికి పంపడం. క్యాంపులో రాత్రి పడుకొన్నవాడు తెల్లవారి లేవడు. కట్టడం మీది నుంచి ఒకడు పడతాడు. రోడ్డు మీద ఒకడు పోతాడు. అక్కడి ఆసుపత్రి మరణపత్రం ఇవ్వాలి. పోలీసులు ఆక్షేపణ లేదని రాయాలి. శవాన్ని ఇంటికి పంపమనో, అక్కడే అంత్యక్రియలు జరపమనో కుటుంబం రాసి, నోటరీ చేయించి, సంతకాలతో పంపాలి. అప్పుడు మన కార్యాలయం మరణాన్ని నమోదు చేసి, పాస్‌పోర్టు రద్దు చేసి, పంపడానికి అనుమతి పత్రం ఇస్తుంది. దేహాన్ని చెడకుండా భద్రపరచి, పెట్టెలో పెట్టి, శంషాబాదు విమానానికి ఎక్కిస్తారు. అక్కడి నుంచి సిద్దిపేట దాకా అంబులెన్సు. యజమాని ఖర్చు పెట్టకపోతే, ఇంటివాళ్లకు శక్తి లేకపోతే, 2009లో ఏర్పాటయిన ప్రవాసుల సంక్షేమ నిధి నుంచి కార్యాలయమే పెడుతుంది.

చదవడానికి ఇది పది వాక్యాలు. ఆ ఇంట్లో ఇది పది రోజులు, ఒక్కొక్కప్పుడు నెలలు. ఎక్కడ ఆగుతుందో తెలుసునా? చాలాసార్లు పేరు దగ్గర ఆగుతుంది. మనకు ఇంటిపేరు ముందు, పెట్టినపేరు వెనుక. పాస్‌పోర్టులో అది తారుమారవుతుంది. ఇంట్లో మల్లయ్య, బడిలో మల్లేశం, ఆధారులో మల్లేష్. భార్య పేరు పెళ్లికి ముందొకటి, అత్తవారింట మరొకటి. తెలుగులో తేడా లేని పేర్లు ఇంగ్లీషులో నాలుగు రకాలుగా రాస్తారు. మూడు కాగితాల్లో ముగ్గురు మనుషులుంటే, ఏ మనిషి పోయినట్లు? అక్కడి గుమాస్తా ఆ ప్రశ్న వేస్తే రాయబారి వద్ద కూడా జవాబు ఉండదు. పరిహారం రావలసి ఉంటే వారసులెవరో తేల్చే పత్రం మన తహసీలు కచేరి నుంచి పోవాలి. అంటే రియాదులోని అధికారి పని సగం సిద్దిపేటలోనే ముడిపడి ఉన్నది.

ఇటువంటి పనులు మన రాయబారులకు కొత్తవా? కానే కావు. ఆలోచిస్తే, తెలుగువాళ్లు దౌత్యరంగంలో అడుగుపెట్టిందే కూలీల కోసం. 1860లో మద్రాసు రేవు నుంచి దక్షిణాఫ్రికాలోని నేటాలు చెరుకుతోటలకు మొదటి ఓడ పోయిన నాటి నుంచీ ఆ గుంపుల్లో తెలుగువాళ్లున్నారు. వాళ్ల మంచిచెడ్డలు చూడడానికి భారత ప్రభుత్వం 1927లో అక్కడ ఒక ఏజెంటును నియమించింది. 1929లో ఆ పదవికి పోయినవారు ఏలూరులో పుట్టిన కూర్మా వెంకటరెడ్డి నాయుడుగారు. 1932 దాకా అక్కడ పనిచేశారు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చినప్పుడు సింహళానికి మన మొదటి హైకమిషనరుగా పోయినవారు కార్మికోద్యమంలో తల పండిన వి.వి. గిరిగారు. 1947 నుంచి 1951 దాకా కొలంబోలో ఉన్నారు. అక్కడి తేయాకు తోటల్లో పనిచేసే లక్షలాది భారతీయుల పౌరసత్వం 1948 నాటి చట్టంతో గాలిలో కలిసిన రోజులవి. సరిగ్గా ఆ కాలంలోనే, 1949 నుంచి 1952 దాకా, డాక్టరు రాధాకృష్ణన్‌గారు మాస్కోలో మన రాయబారి. ఆయన స్టాలినుతో మాట్లాడిన సంగతి పత్రికలన్నీ రాశాయి. తోటకూలీల కాగితాలతో కుస్తీ పట్టిన కొలంబో సంగతి ఎంతమందికి జ్ఞాపకమున్నది?

సిద్దిపేట జిల్లా హుస్నాబాదుకు దాపునే వంగర అనే ఊరున్నది. పి.వి. నరసింహారావుగారి ఊరది. 1980 నుంచి 1984 వరకు, మళ్లీ 1988-89లో ఆయన విదేశాంగ మంత్రి. తెలుగు పల్లె నుంచి పోయినవాడు ప్రపంచంలోని రాయబారులందరినీ నడిపించగలడని ఆ ఊరు చూపింది. నేటికీ మనవాళ్లు ఆ సర్వీసులో ఉన్నారు. హైదరాబాదువారైన సయ్యద్ అక్బరుద్దీన్‌గారు 2016 నుంచి 2020 దాకా ఐక్యరాజ్యసమితిలో మన శాశ్వత ప్రతినిధి. అంతకు ఎంతో ముందు జిద్దాలో కాన్సలు జనరలు. హైదరాబాదువారే అయిన ఔసాఫ్ సయీద్‌గారు జిద్దాలో కాన్సలు జనరలుగా పనిచేసి, 2019లో రియాదుకు రాయబారిగా పోయారు. న్యూయార్కు సభలో ఉపన్యాసం నలుగురూ వింటారు. జిద్దా బల్ల ముందు ఒక కూలివాని గోడు వినడం ఎవరికీ కనబడదు.

ఒక్కొక్కప్పుడు మాత్రం ఆ పని లోకానికంతా కనబడుతుంది. 1990 ఆగస్టు 2న ఇరాకు సేనలు కువైటులో దిగినప్పుడు లక్షా డెబ్భై వేలకు పైగా భారతీయులు చిక్కుకొన్నారు. వాళ్లను ఎడారి దారిన జోర్డానుకు చేర్చి, అమ్మాను నుంచి 59 రోజుల్లో 488 విమానాల్లో ఇంటికి తెచ్చారు. 2015లో యెమెనులో యుద్ధం చెలరేగినప్పుడు 4,600 మందికి పైగా మనవాళ్లనూ, వాళ్లతోపాటు 41 దేశాలవాళ్లనూ బయటికి చేర్చారు. అటువంటప్పుడు చివరి బస్సు కదిలేదాకా అక్కడే ఉండవలసినవాడు కూడా కాన్సలు కార్యాలయపు ఉద్యోగే.

వాళ్ల సంసారాలను గురించి కూడా ఒక మాట. మూడేళ్లకొకసారి బదిలీ. పిల్లవాడు ఒక భాషలో అక్షరాలు దిద్ది, మరొక దేశంలో ఎక్కాలు నేర్చి, మూడవ దేశంలో పరీక్షకు పోతాడు. భార్య చేస్తున్న ఉద్యోగం మానుకోవాలి. ఇక్కడ కన్నవాళ్లకు జబ్బు చేస్తే సెలవు దొరికి విమానం దిగేసరికి ఏమవుతుందో చెప్పలేం. అంటే, బల్లకు అటు కూర్చున్నవాడూ ఇటు నిలబడ్డవాడూ ఇద్దరూ ఇల్లు వదిలి వచ్చినవాళ్లే. తేడా జీతంలో ఉన్నది, పాస్‌పోర్టు రంగులో ఉన్నది. పండగనాడు ఇంటిమీద గాలి మళ్లడంలో లేదు.

ఇప్పుడు ఇంట్లో ఉన్నవాళ్లు చేయగలిగింది చెబుతాను. మీ ఇంట్లోనో, మీ ఇంటి పనిమనిషి ఇంట్లోనో, మీ ఊరి పాలివాని ఇంట్లోనో గల్ఫు పోయేవాడు ఉంటే ఇది చదివి వినిపించండి. 1983 నాటి వలస చట్టం ప్రకారం అనుమతి ఉన్న ఏజెంటు ద్వారానే పోవాలి. అతడు 30,000 రూపాయలు, దాని మీద పన్ను, అంతకు మించి రుసుము తీసుకోరాదు. పదో తరగతి దాటనివాడు ఉద్యోగానికి పోతుంటే ప్రభుత్వపు అనుమతి ముద్ర కావాలి. దానితోపాటు ప్రవాసి బీమా ఉంటుంది. రెండేళ్లకు 275 రూపాయలూ, పన్నూ కడితే ప్రమాదంలో పోయినా, పూర్తిగా అంగహీనుడయినా 10 లక్షలు వస్తాయి. విజిటు వీసా మీద పనికి పోయినవానికి ఈ రెండూ ఉండవు. అదే పెద్ద మోసం. 2015 నుంచి 'మదద్' అనే ఏర్పాటున్నది. ఇంటి నుంచే ఫిర్యాదు రాసి, ఏ కార్యాలయంలో ఉన్నదో చూసుకోవచ్చు. తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబరు 7 తర్వాత గల్ఫులో మరణించినవారి కుటుంబాలకు 5 లక్షల సహాయం ప్రకటించింది. దానికీ కాగితాలే ఆధారం.

అందుచేత పోయేవాడు విమానం ఎక్కకముందే పాస్‌పోర్టు, వీసా, ఒప్పందపత్రం, బీమా ఒక్కొక్క నకలు తీసి ఇంట్లో పెట్టండి. కంపెనీ పేరు, ఊరు, తోటి పనివాని ఫోను నంబరు రాసి ఉంచండి. భార్యాభర్తల పేర్లు అన్ని కాగితాల్లో ఒకే తీరుగా ఉన్నాయా అని ఒక్క సాయంత్రం కూర్చుని చూడండి. తప్పుంటే ఇప్పుడే దిద్దించండి. ఇప్పుడైతే అది మీసేవలో చిన్న పని.

రాయబారి పరదేశంలో మన తరఫున మాట్లాడేవాడు. మాట్లాడడానికి ఆయన చేతిలో ఏదో ఒకటి ఉండాలి గదా! చట్టం ఇచ్చిన బలం కొంత. మిగతాది సిద్దిపేటలో ఒక ఇంటి సందుకపెట్టెలో, గొల్లభామ చీర మడతల కింద ఇల్లాలు దాచిన జిరాక్సు కాగితం.